ఏపీఈ1 ఎంజైమ్‌తో పరీక్ష సరిగా చేయడం ఎలా: ట్యూబ్ అందిన రోజు నుంచి జెల్ లెక్క దాకా

"అక్కా, ఏపీఈ1 వేశాను, ఏమీ కోయలేదు." "అక్కా, ఎంజైమ్ వేయని లేన్‌లో కూడా కోత కనిపిస్తోంది." ఏపీఈ1 అంటే దెబ్బతిన్న డీఎన్ఏ మరమ్మతులో పోగును కోసే ఎంజైమ్. కొత్తగా పీహెచ్‌డీలో చేరినవాళ్లు, ఎంఎస్సీ ప్రాజెక్టు చేస్తున్నవాళ్లు ఎక్కువగా ఈ రెండు మాటలతోనే వస్తారు. ట్యూబ్ పాడైందనుకుని కొత్తది ఆర్డర్ పెట్టే తొందరలో ఉంటారు.

చాలాసార్లు తప్పు ఎంజైమ్‌ది కాదు. సబ్‌స్ట్రేట్ (ఎంజైమ్ కోయాల్సిన డీఎన్ఏ) తయారీలోనో, పనుల వరుసలోనో, రియాక్షన్ ఆపిన తీరులోనో ఉంటుంది. అందుకే ఈ మార్గదర్శిలో ఎంజైమ్ కంటే సబ్‌స్ట్రేట్‌కే ఎక్కువ చోటిచ్చాను. ఇక్కడ చెప్పేది ఈ.కోలై బ్యాక్టీరియాలో తయారుచేసి శుద్ధి చేసిన మానవ ఏపీఈ1 గురించి. ఓజీజీ1 లాంటి ఇతర డీఎన్ఏ మరమ్మతు ఎంజైమ్‌లకు బఫర్, సబ్‌స్ట్రేట్ మారతాయి. జాగ్రత్తలు మాత్రం చాలావరకు ఇవే.

1. మొదలుపెట్టే ముందు తెలిసి ఉండాల్సినవి

బేస్ ఊడిపోయి చక్కెర మాత్రమే మిగిలిన చోటును ఏపీ సైట్ అంటాం. ఏపీఈ1 దాన్ని గుర్తించి, సరిగ్గా దానికి 5 ప్రైమ్ వైపు (వరుస రాసేటప్పుడు ఎడమ వైపు) ఫాస్ఫేట్ బంధాన్ని కోస్తుంది. కోత తర్వాత ఎడమ ముక్క చివర 3 ప్రైమ్ హైడ్రాక్సిల్ మిగులుతుంది. చక్కెర, ఫాస్ఫేట్ కుడి ముక్కతో పోతాయి. ఈ ఒక్క విషయం మనసులో ఉంచుకుంటే, డీఎన్ఏ ముక్కలను పొడవును బట్టి విడదీసే జెల్ మీద సగం గందరగోళం తొలగుతుంది.

ఇది 318 అమినో ఆమ్లాల ప్రోటీన్, బరువు సుమారు 35.5 కిలోడాల్టన్లు. శుద్ధి కోసం తగిలించే హిస్ ట్యాగ్ ఉంటే కొంచెం పెరుగుతుంది. మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము అంటే దాదాపు 28 మైక్రోమోలార్. పలుచన లెక్కలన్నీ దీని నుంచే వస్తాయి కాబట్టి నోట్‌బుక్ మొదటి పేజీలో రాసిపెట్టుకోండి.

మెగ్నీషియం లేకుండా ఇది పని చేయదు. మెగ్నీషియాన్ని పట్టేసుకునే ఈడీటీఏ వేస్తే ఆగిపోతుంది. ఉప్పు ఎక్కువైతే మందగిస్తుంది. పొటాషియం క్లోరైడ్ 50 మిల్లీమోలార్ దగ్గర బాగుంటుంది, 200 దాటితే పని బాగా తగ్గిపోతుంది.

ఇంకొకటి: ఇది చాలా వేగమైన ఎంజైమ్. కొత్తవాళ్లు నమ్మరు గానీ, నానోమోలార్‌లో పదో వంతు కూడా కొన్ని నిమిషాల్లో కనిపించేంత కోత కోస్తుంది. "ఎందుకైనా మంచిది" అని ఎక్కువ వేయడం ఇక్కడ పనికిరాదు.

2. ట్యూబ్ అందిన రోజు

పార్సిల్ తెరవగానే ఐస్ ప్యాక్ ఇంకా గడ్డకట్టి ఉందా, డ్రై ఐస్ మిగిలిందా చూసి ఫోటో తీయండి. మే నెలలో హైదరాబాద్‌కో విజయవాడకో వచ్చే పార్సిల్ అయితే ఈ ఫోటో తప్పనిసరి. తర్వాత సప్లయర్‌తో మాట్లాడాల్సి వస్తే అదొక్కటే ఆధారం.

ఆ తర్వాత కాగితం చదవండి. ఇవి రాసుకోవాలి:

- లాట్ నంబరు, అందిన తేదీ
- గాఢత: మిల్లీగ్రాముల్లో ఇచ్చారా, యూనిట్లలో ఇచ్చారా
- యూనిట్ అంటే ఏమిటో ఆ కంపెనీ రాసిన నిర్వచనం
- నిల్వ బఫర్‌లో ఏముంది: గ్లిసరాల్ ఎంత, ఉప్పు ఎంత, ఈడీటీఏ ఉందా
- ట్యాగ్ ఉందా, ఉంటే ఏ చివర
- పూర్తి నిడివి ప్రోటీనా, ముందు భాగం తీసేసినదా

యూనిట్ల విషయంలో జాగ్రత్త. 37 డిగ్రీల వద్ద గంటలో 20 పికోమోళ్ల ఏపీ సైట్ ఓలిగోను (పొట్టి డీఎన్ఏ పోగును) కోసేది ఒక యూనిట్ అని ఒక కంపెనీ అంటే, ఇంకో కంపెనీ మరోలా అనవచ్చు. ఒకరి 10 యూనిట్లు ఇంకొకరి 10 యూనిట్లతో సమానం కాదు. వీలైతే మోలార్ గాఢతలోనే పని చేయండి.

ట్యాగ్ ఏ చివర ఉందన్నది కోత పరీక్షకు పెద్దగా అడ్డు రాదు. ఏపీఈ1 మొదటి అరవై చిల్లర అమినో ఆమ్లాలు లేకపోయినా కోత జరుగుతుంది. మీ ప్రశ్న దాని రెడాక్స్ పని (ఇతర ప్రోటీన్లను క్షయకరణం చేయడం) గురించైతే మాత్రం ఆ ముందు భాగం కావాలి, పూర్తి నిడివి ప్రోటీన్ తీసుకోండి.

నిల్వ: 50 శాతం గ్లిసరాల్‌లో వచ్చిన ఎంజైమ్‌ను మైనస్ 20లో పెట్టండి. అక్కడ అది గడ్డకట్టదు, అదే మనకు కావాల్సింది. గ్లిసరాల్ తక్కువగా ఉండి మైనస్ 80లో పెట్టమని రాస్తే, మొదటి రోజే 5 మైక్రోలీటర్ల చొప్పున చిన్న ట్యూబుల్లో పంచేయండి. ఒకసారి కరిగించిన ట్యూబ్‌ను మళ్లీ గడ్డకట్టించవద్దు.

మంచు పేరుకోకుండా తనంతట తాను వేడెక్కే ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రీజర్‌లో ఎంజైమ్‌లు పెట్టకూడదు. రోజూ ఉష్ణోగ్రత పైకీ కిందికీ పోతుంది. వేరే దారి లేకపోతే ఎంజైమ్ కూలర్ బాక్సులో ఉంచి, ఆ బాక్సును లోపలికి నెట్టి పెట్టండి. కరెంటు పోయే చోట్ల కూడా ఆ బాక్సే కాపాడుతుంది.

3. సబ్‌స్ట్రేట్ ఎంచుకోవడం: టీహెచ్ఎఫ్ లేదా యురాసిల్

రెండు దారులున్నాయి. ఏది ఎంచుకున్నారన్నదాన్ని బట్టి తర్వాతి అడుగులన్నీ మారతాయి.

మొదటిది టీహెచ్ఎఫ్. ఏపీ సైట్‌ను పోలిన, రసాయనికంగా గట్టి నమూనా ఇది. ఓలిగో ఆర్డర్ పెట్టేటప్పుడే లోపల పెట్టించుకోవచ్చు. వేడి చేసినా విరగదు, నెలల తరబడి ఫ్రీజర్‌లో ఉంటుంది, ఏపీఈ1 దీన్ని చక్కగా కోస్తుంది. మొదటిసారి చేసేవాళ్లకు నేను చెప్పేది ఇదే. ఖర్చు కొంచెం ఎక్కువే, కానీ దానివల్ల తప్పే తలనొప్పి అంతకంటే ఎక్కువ.

రెండోది యురాసిల్ అనే బేస్ పెట్టించిన ఓలిగో. యూడీజీ అనే ఎంజైమ్ యురాసిల్‌ను తీసేస్తే అక్కడ అసలైన ఏపీ సైట్ మిగులుతుంది. కణంలో ఉండేది ఇదే కాబట్టి కొన్ని ప్రశ్నలకు ఇదే కావాలి. కానీ చాలా సున్నితం. వేడి తగిలితే విరుగుతుంది, క్షార ద్రావణంలో విరుగుతుంది, అమైన్లు ఉన్న బఫర్‌లో నిలవ ఉంచితే నెమ్మదిగా విరుగుతుంది. ఆ విరిగిన ముక్క జెల్ మీద ఏపీఈ1 కోసిన ముక్కకు పక్కనే కూర్చుంటుంది. ఎంజైమ్ వేయని లేన్‌లో కనిపించే కోతకు మొదటి కారణం ఇదే.

ఓలిగో ఇలా ఆర్డర్ పెట్టండి:

- పొడవు 30 బేసులు, 15వ స్థానంలో టీహెచ్ఎఫ్ లేదా యురాసిల్
- 5 ప్రైమ్ చివర ఫ్యామ్ లేబుల్ (స్కానర్‌లో వెలిగే రంగు)
- లేబుల్ లేని ఎదురు పోగు, 15వ స్థానానికి ఎదురుగా మామూలు బేస్
- అదే వరుసలో మార్పేమీ లేని 30 బేసుల ఫ్యామ్ ఓలిగో
- మార్కర్ కోసం మొదటి 14 బేసులు మాత్రమే ఉన్న ఫ్యామ్ ఓలిగో
- పొడవైన లేబుల్ ఓలిగోలకు జెల్ లేదా హెచ్‌పీఎల్‌సీ శుద్ధి

ఆ 14 బేసుల మార్కర్ ఖర్చు దండగ అనుకుంటారు చాలామంది. దయచేసి మానేయకండి. 15వ స్థానానికి 5 ప్రైమ్ వైపు కోస్తే వచ్చేది సరిగ్గా ఆ 14 బేసుల ముక్కే, చివర 3 ప్రైమ్ హైడ్రాక్సిల్‌తో. మీ బ్యాండ్ మార్కర్‌తో సమానంగా నిలిస్తేనే అది ఏపీఈ1 పని అనగలరు. వేడికో క్షారానికో విరిగిన ముక్క చివర హైడ్రాక్సిల్ ఉండదు. చక్కెర శకలమో ఫాస్ఫేటో మిగులుతుంది. ఫాస్ఫేట్ మిగిలితే అదనపు ఆవేశం వల్ల బ్యాండ్ మార్కర్ కంటే కాస్త ముందుకు పరుగెడుతుంది.

4. రెండు పోగులను జోడించడం, ఏపీ సైట్ తయారీ

ఈ భాగంలో వరుస తప్పితే తర్వాత ఎంత జాగ్రత్తపడినా లాభం లేదు. ముందు అనీలింగ్ (రెండు పోగులను జోడించడం), ఆ తర్వాత యూడీజీ. ఎప్పుడూ ఇదే వరుస.

కారణం సూటిగానే ఉంది. అనీలింగ్‌కు 95 డిగ్రీలు కావాలి. ముందుగా యూడీజీతో ఏపీ సైట్ తయారుచేసి ఆ తర్వాత వేడి చేస్తే, మీరు చేసుకున్న సైట్లు నిమిషాల్లో విరిగిపోతాయి.

అనీలింగ్ అడుగులు:

- 10 మిల్లీమోలార్ హెపిస్ పీహెచ్ 7.5, 50 మిల్లీమోలార్ సోడియం క్లోరైడ్‌లో లేబుల్ పోగు 1 మైక్రోమోలార్, ఎదురు పోగు 1.2 మైక్రోమోలార్ కలపండి
- 95 డిగ్రీల్లో 3 నిమిషాలు
- హీట్ బ్లాక్ ఆపేసి, ట్యూబ్‌ను అందులోనే గది ఉష్ణోగ్రతకు చల్లారనివ్వండి. గంట దాకా పడుతుంది
- ట్యూబ్‌కు అల్యూమినియం ఫాయిల్ చుట్టండి, వెలుతురు తగిలితే ఫ్యామ్ పాడవుతుంది

ఎదురు పోగు కొంచెం ఎక్కువ వేయడం కావాలనే. ఏపీఈ1 జంట పోగునే బాగా కోస్తుంది. లేబుల్ పోగు ఒంటరిగా మిగిలితే ఎంతసేపు ఉంచినా కోయని భాగం కనిపించి, ఎంజైమ్ బలహీనమని అనుకుంటారు.

యురాసిల్ దారిలో వెళ్లేవాళ్లు, చల్లారిన జంటకు యూడీజీ కలిపి 37 డిగ్రీల్లో 20 నుంచి 30 నిమిషాలు ఉంచండి. యూడీజీకి మెగ్నీషియం అక్కర్లేదు, కాబట్టి వేయకండి. అయిపోగానే ఐస్ మీదకు. ఆ రోజే వాడేయండి. మిగిలింది రేపటికి దాచుకోవాలనిపిస్తుంది, దాచుకోవద్దు. యూడీజీని వేడితో చంపాలని కూడా చూడకండి. అది ట్యూబ్‌లో ఉన్నా ఈ పరీక్షకు ఇబ్బంది లేదు.

యూడీజీ పూర్తిగా పని చేసిందా? చిన్న భాగం తీసి 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌తో 90 డిగ్రీల్లో 5 నిమిషాలు వేడి చేసి జెల్ మీద నడపండి. ఏపీ సైట్ ఉన్న ప్రతి పోగూ విరుగుతుంది. 30 బేసుల బ్యాండ్ ఎంత మిగిలిందో అంత యురాసిల్ ఇంకా అలాగే ఉందని అర్థం.

5. బఫర్లు

10ఎక్స్ (పది రెట్లు గాఢమైన) రియాక్షన్ బఫర్:

- హెపిస్, పొటాషియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ 7.5కు తెచ్చినది: 500 మిల్లీమోలార్
- పొటాషియం క్లోరైడ్: 500 మిల్లీమోలార్
- మెగ్నీషియం క్లోరైడ్: 100 మిల్లీమోలార్
- బీఎస్ఏ (ఎంజైమ్ గోడకు అంటకుండా కాపాడే ప్రోటీన్): మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము
- డీటీటీ: 10 మిల్లీమోలార్, వాడే రోజు మాత్రమే కలపాలి

ట్రిస్ వాడకూడదా అంటే, టీహెచ్ఎఫ్ సబ్‌స్ట్రేట్‌తో నిరభ్యంతరంగా వాడండి. అసలైన ఏపీ సైట్‌తో నేను హెపిస్‌నే ఇష్టపడతాను, ట్రిస్‌లో అమైన్ ఉంది కాబట్టి. ట్రిస్ వాడితే ఇంకో సంగతి గుర్తుంచుకోండి: 25 డిగ్రీల్లో పీహెచ్ 8.0 కలిపినది 37 డిగ్రీలకు వచ్చేసరికి 7.7 దగ్గరికి దిగుతుంది.

ఓలిగోలను టీఈ బఫర్‌లో కరిగించారా? టీఈలో 1 మిల్లీమోలార్ ఈడీటీఏ ఉంటుంది. రియాక్షన్‌లో పదో వంతు పడితే 0.1 మిల్లీమోలార్. మెగ్నీషియం 10 మిల్లీమోలార్ ఉన్నప్పుడు లెక్కలోకి రాదు. మీరు మెగ్నీషియం మోతాదు పరీక్ష చేస్తూ 0.2 దగ్గర ఉంటే మాత్రం సగాన్ని అదే మింగేస్తుంది. అలాంటి ప్రయోగానికి ఓలిగోలను నీళ్లలో లేదా పలుచని హెపిస్‌లో కరిగించండి.

పలుచన బఫర్ విడిగా చేసుకోవాలి: 50 మిల్లీమోలార్ హెపిస్ పీహెచ్ 7.5, 50 మిల్లీమోలార్ పొటాషియం క్లోరైడ్, 1 మిల్లీమోలార్ డీటీటీ, మిల్లీలీటరుకు 0.1 మిల్లీగ్రాము బీఎస్ఏ, 10 శాతం గ్లిసరాల్. మెగ్నీషియం వద్దు.

6. ఎంజైమ్ పలుచన చేయడం

"ఏమీ కోయలేదు" అనేవాళ్లలో ఎక్కువమంది పొరపాటు ఇక్కడే జరుగుతుంది.

నానోమోలార్ స్థాయిలో ప్రోటీన్ ప్లాస్టిక్ గోడకు అతుక్కుపోతుంది. ఉత్త నీళ్లలోనో బీఎస్ఏ లేని బఫర్‌లోనో పలుచన చేస్తే ట్యూబ్‌లో మిగిలేది మీరు లెక్కవేసిన దానిలో చిన్న వంతే. బీఎస్ఏ తప్పనిసరి, లో బైండ్ ట్యూబులు ఉంటే ఇంకా మంచిది.

50 శాతం గ్లిసరాల్ స్టాక్ తీగపాకంలా చిక్కగా ఉంటుంది. టిప్‌ను లోపలికి ముంచితే బయట అంటుకున్నదే ఒక మైక్రోలీటర్ దాకా ఉంటుంది. టిప్ కొనను ఉపరితలానికి తాకించి, నెమ్మదిగా పీల్చి, రెండు క్షణాలు ఆగి, అప్పుడు తీయండి. వోర్టెక్స్ చేయకండి. వేలితో తట్టి, సెంట్రిఫ్యూజ్‌లో ఓ క్షణం తిప్పితే చాలు.

28 మైక్రోమోలార్ స్టాక్ నుంచి:

- 2 మైక్రోలీటర్ల స్టాక్, 54 మైక్రోలీటర్ల పలుచన బఫర్: 1 మైక్రోమోలార్
- దాని నుంచి 5, బఫర్ 45: 100 నానోమోలార్
- మళ్లీ 5, 45: 10 నానోమోలార్
- మళ్లీ 5, 45: 1 నానోమోలార్

ప్రతి మెట్టులో టిప్ మార్చాలి. ప్రతిసారీ అయిదారుసార్లు మెల్లగా పైకీ కిందికీ పీల్చి కలపాలి, నురగ రాకూడదు. అన్నీ ఐస్ మీదే. ఈ పలుచన ట్యూబులు ఆ పూటకే, సాయంత్రం పారేయండి.

7. కంట్రోల్స్ ముందే రాసుకోండి

రియాక్షన్ మొదలుపెట్టాక కంట్రోల్స్ గురించి ఆలోచిస్తే ఏదో ఒకటి తప్పిపోతుంది. ముందే ట్యూబుల మీద నంబర్లు వేసి పెట్టండి:

- ఎంజైమ్ లేని సబ్‌స్ట్రేట్, ఎంజైమ్ బదులు పలుచన బఫర్ వేసినది
- ఏపీ సైట్ లేని మామూలు 30 బేసుల జంట, ఎంజైమ్‌తో
- 25 మిల్లీమోలార్ ఈడీటీఏ ముందే కలిపిన రియాక్షన్, ఎంజైమ్‌తో
- యురాసిల్ దారిలో అయితే, యూడీజీ వేయని యురాసిల్ జంట, ఎంజైమ్‌తో
- 14 బేసుల మార్కర్

ఈడీటీఏ కంట్రోల్ చిన్నదిగా కనిపిస్తుంది గానీ చాలా చెబుతుంది. ఏపీఈ1 అక్కడ ఆగిపోవాలి. ఆగకపోతే రెండే అనుమానాలు. ఒకటి, సబ్‌స్ట్రేట్ తనంతట తానే విరుగుతోంది. అది ఎంజైమ్ లేని లేన్‌లో కూడా కనిపిస్తుంది. రెండు, శుద్ధి సరిగా కాక ఏపీ సైట్‌ను కోసే ఈ.కోలై ఎంజైమ్ ఎండోన్యూక్లియేజ్ 4 కలిసి వచ్చింది. దానికి మెగ్నీషియం అక్కర్లేదు, ఈడీటీఏకు లొంగదు. సొంత ల్యాబ్‌లో ప్రోటీన్ శుద్ధి చేసుకునేవాళ్లు ఈ లేన్ లేకుండా ఏ ఫలితాన్నీ నమ్మవద్దు.

ఈ.కోలై నుంచే రాగల మరో అతిథి ఎక్సోన్యూక్లియేజ్ 3. ఇది మెగ్నీషియంతోనే పని చేస్తుంది, ఏపీ సైట్‌నూ కోస్తుంది, కాబట్టి ఈడీటీఏ లేన్‌లో దొరకదు. దాన్ని పట్టించేది రెండో కంట్రోల్. అది మామూలు జంటను కూడా 3 ప్రైమ్ చివర నుంచి కొరుక్కుంటూ పోతుంది. ఏపీ సైట్ లేని జంటలో నిచ్చెన మెట్లలా బ్యాండ్లు వస్తే, మీ ప్రోటీన్‌ను ఇంకో కాలమ్ మీద నడపాల్సిందే.

8. రియాక్షన్

మొదటి రోజు పని సరైన ఎంజైమ్ మోతాదు వెతకడమే. ఒక్కో ట్యూబ్‌లో 10 మైక్రోలీటర్లు:

- నీళ్లు 7
- 10ఎక్స్ బఫర్ 1
- 1 మైక్రోమోలార్ సబ్‌స్ట్రేట్ 1
- ఎంజైమ్ పలుచన 1, అన్నిటికంటే చివర

సబ్‌స్ట్రేట్ ఇప్పుడు 100 నానోమోలార్. 100, 10, 1 నానోమోలార్ పలుచనలు వేస్తే ఎంజైమ్ వరుసగా 10, 1, 0.1 నానోమోలార్ అవుతుంది. 37 డిగ్రీల్లో 5 నిమిషాలు. 10 నానోమోలార్ ట్యూబ్‌లో మొత్తం కోసుకుపోయి ఉంటే ఆశ్చర్యపోకండి. సబ్‌స్ట్రేట్‌లో 10 నుంచి 20 శాతం మాత్రమే కోసిన మోతాదే మీకు కావాల్సింది.

రెండో రోజు టైమ్ కోర్స్. ఎంజైమ్ తప్ప మిగతావన్నీ ఒకే మిక్స్‌గా కలపండి: నీళ్లు 49, బఫర్ 7, సబ్‌స్ట్రేట్ 7, మొత్తం 63 మైక్రోలీటర్లు. అందులోంచి 9 తీసి స్టాప్ ద్రావణంలో (9వ భాగంలో ఉంది) వేసి, 1 మైక్రోలీటర్ పలుచన బఫర్ కలపండి. అది సున్నా నిమిషం. మిగిలిన 54ను 37 డిగ్రీల్లో 3 నిమిషాలు వేడెక్కనిచ్చి, 6 మైక్రోలీటర్ల ఎంజైమ్ వేసి టైమర్ నొక్కండి. అర, 1, 2, 5, 10 నిమిషాలకు 10 మైక్రోలీటర్ల చొప్పున తీసి స్టాప్ ట్యూబుల్లో వేయండి.

స్టాప్ ట్యూబులన్నీ ముందే వరుసగా తెరిచి పెట్టుకోవాలి. అర నిమిషం పాయింట్ దగ్గర మూత తీయడానికి వెతుక్కుంటే ఆ పాయింట్ పోయినట్టే. టెన్షన్‌గా ఉంటే ముందు ఉత్త నీళ్లతో ఒకసారి చేతులు అలవాటు చేసుకోండి.

9. ఆపడం: సబ్‌స్ట్రేట్‌ను బట్టి రెండు దారులు

టీహెచ్ఎఫ్ అయితే సులువు. 95 శాతం ఫార్మమైడ్, 25 మిల్లీమోలార్ ఈడీటీఏ ఉన్న స్టాప్ ద్రావణం 10 మైక్రోలీటర్లు, ఆపై 95 డిగ్రీల్లో 3 నుంచి 5 నిమిషాలు. వెంటనే ఐస్ మీదకు, అక్కడి నుంచి జెల్ మీదకు.

అసలైన ఏపీ సైట్ అయితే ఆ 95 డిగ్రీలే శత్రువు. 65 డిగ్రీల్లో 20 నిమిషాలు ఉంచితే ఏపీఈ1 నిర్వీర్యమవుతుందన్న మాట నిజమే. కానీ ఆ వేడికి కోయని ఏపీ సైట్లలో కొన్ని కూడా విరుగుతాయి. కాబట్టి ముందు ఈడీటీఏ వేసి ఆపండి. తర్వాత అప్పటికప్పుడు కరిగించిన సోడియం బోరోహైడ్రైడ్ 100 మిల్లీమోలార్ అయ్యేలా కలిపి, 30 నిమిషాలు ఐస్ మీద ఉంచండి. మిగిలిన ఏపీ సైట్లు క్షయకరణం చెంది (రెడ్యూస్ అయి) గట్టిపడతాయి, ఆ తర్వాత వేడిని తట్టుకుంటాయి. డీఎన్ఏను ఇథనాల్‌తో అవక్షేపించి, ఫార్మమైడ్‌లో కరిగించి జెల్ మీదకు తీసుకెళ్లండి.

బోరోహైడ్రైడ్ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది. ఫ్యూమ్ హుడ్‌లో చేయండి, మూత బిగించకండి, మంట దగ్గర ఉండకూడదు. దానికి ఆమ్ల ద్రావణం కలిపితే ఒక్కసారిగా పొంగుతుంది, చుక్కచుక్కగా వేయండి.

10. జెల్

20 శాతం పాలీఅక్రిలమైడ్, 7 మోలార్ యూరియా, 1ఎక్స్ టీబీఈ బఫర్. గడ్డకట్టని అక్రిలమైడ్ నరాలకు విషం, గ్లోవ్స్ లేకుండా తాకవద్దు.

- అరగంట ముందుగా ఉత్త జెల్ నడిపి వేడెక్కనివ్వండి
- లోడ్ చేసే ముందు ప్రతి వెల్‌లో పేరుకున్న యూరియాను సిరంజితో టీబీఈ చిమ్మి కడగండి
- 5 మైక్రోలీటర్లు లోడ్ చేయండి
- గాజు పలక 45 నుంచి 50 డిగ్రీలు ఉండేలా నడపండి

శాంపిల్స్‌లో రంగు కలపకండి. ఇది చాలామందికి తెలియని విషయం. 20 శాతం జెల్‌లో జైలీన్ సయనాల్ దాదాపు 28 బేసుల దగ్గర నడుస్తుంది. మీ 30 బేసుల బ్యాండ్ మీద నీడ పడి వెలుగు తగ్గుతుంది, కోత శాతం లేనిపోనిది ఎక్కువ కనిపిస్తుంది. రంగులను పక్కన ఖాళీ లేన్‌లో వేయండి. బ్రోమోఫినాల్ బ్లూ 8 బేసుల దగ్గర ఉంటుంది, దాన్ని చూసి ఎక్కడ ఆపాలో నిర్ణయించుకోవచ్చు.

గదిలో లైట్లు తగ్గించి, ఫ్యామ్ ఫిల్టర్ ఉన్న స్కానర్‌లో చూడండి. ఏ బ్యాండూ సాచురేట్ కాకుండా (స్కానర్ కొలవగల గరిష్ఠ వెలుగు దాటకుండా) ఎక్స్‌పోజర్ పెట్టుకోవాలి. ఒక్క బ్యాండ్ సాచురేట్ అయినా ఆ లేన్ లెక్క చెల్లదు.

11. లెక్క

ప్రతి లేన్‌లో ముక్క వెలుగును, ముక్క వెలుగు ప్లస్ మిగిలిన సబ్‌స్ట్రేట్ వెలుగుతో భాగించండి. రెండింటి నుంచీ బ్యాక్‌గ్రౌండ్ తీసేయాలి. లేన్ల మధ్య లోడింగ్ తేడాలు ఇలా చేస్తే రద్దయిపోతాయి. ఆ తర్వాత ఎంజైమ్ లేని లేన్ శాతాన్ని తీసేయండి.

వేగం కోసం 20 శాతం లోపు కోసిన పాయింట్లే తీసుకోండి. ఏపీఈ1 కోసేది చాలా వేగంగా, కోసిన ముక్కను వదిలేది నెమ్మదిగా. ముక్కలు పోగయ్యే కొద్దీ ఎంజైమ్ వాటికే అంటుకుని ఉంటుంది, గ్రాఫ్ వంగుతుంది. 80 శాతం కోసిన పాయింట్ మీద గీసిన సరళరేఖకు అర్థం లేదు.

12. తరచూ వచ్చే సమస్యలు, వాటి దారులు

ఏ మోతాదులోనూ కోత లేదు. ముందు మెగ్నీషియం బఫర్‌లో ఉందా చూడండి, తర్వాత ఓలిగో జంట కట్టిందా అని డీనేచర్ చేయని జెల్ మీద చూడండి. ఆ తర్వాతే పలుచన బఫర్‌లో బీఎస్ఏ. ఇవన్నీ సరిగా ఉండి, 100 నానోమోలార్ ఎంజైమ్‌తో కూడా కోత లేకపోతే అప్పుడు ట్యూబ్‌ను అనుమానించండి.

అన్ని లేన్లలో పూర్తి కోత. ఎంజైమ్ ఎక్కువైంది, పది రెట్లు తగ్గించి మళ్లీ చేయండి.

70 శాతం దగ్గర ఆగిపోయి ఇక పెరగడం లేదు. జంట కట్టని లేబుల్ పోగు మిగిలింది, లేదా యూడీజీ పూర్తిగా పని చేయలేదు. 4వ భాగంలో చెప్పిన క్షార పరీక్ష ఈ రెండింటినీ విడదీస్తుంది. క్షారంతో మొత్తం విరిగితే లోపం అనీలింగ్‌లో ఉంది.

14 బేసుల కింద 13, 12 బేసుల బ్యాండ్లు. ఏపీఈ1కు స్వతహాగా కొంచెం 3 ప్రైమ్ ఎక్సోన్యూక్లియేజ్ పని కూడా ఉంది. ఎంజైమ్ ఎక్కువగా, సమయం ఎక్కువగా ఇస్తే అది బయటపడుతుంది. మోతాదు తగ్గిస్తే పోవాలి. పోకపోతే 7వ భాగంలోని ఎక్సోన్యూక్లియేజ్ 3 సంగతి చూడండి.

ఎంజైమ్ లేని లేన్‌లో కోత, మార్కర్ కంటే కాస్త కిందో పైనో. వేడితోనో పాత సబ్‌స్ట్రేట్‌తోనో వచ్చిన విరుపు. తాజాగా తయారుచేసి, బోరోహైడ్రైడ్ దారిలో ఆపండి. 5 శాతం దాటితే ఆ జెల్‌ను లెక్కలోకి తీసుకోకండి.

బ్యాండ్లు అలలు అలలుగా, పాకినట్టుగా. వెల్‌లో యూరియా కడగలేదు, లేదా ఉప్పు ఎక్కువైంది.

13. నిరోధకాలను పరీక్షించేవాళ్లకు

ఏపీఈ1ను ఆపే అణువుల కోసం వెతికే ల్యాబులు చాలా ఉన్నాయి. అందులో అబద్ధపు ఫలితాలు విపరీతంగా వస్తాయి కాబట్టి నాలుగు మాటలు అదనంగా.

మీ అణువు డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో ఉంటే, అన్ని ట్యూబుల్లోనూ డీఎంఎస్‌ఓ శాతం ఒకటే ఉండాలి, 1 లేదా 2 దాటకూడదు. ఉత్త డీఎంఎస్‌ఓ కంట్రోల్ విడిగా పెట్టండి.

ఆ అణువు మెగ్నీషియాన్ని పట్టేసుకుంటోందేమో చూడండి. మెగ్నీషియం రెట్టింపు చేస్తే నిరోధం తగ్గిపోతే, అది ఎంజైమ్‌కు కాక మెగ్నీషియానికే అతుక్కుంటోందని అనుమానించాలి. 0.01 శాతం ట్రైటన్ అనే డిటర్జెంట్ కలిపితే నిరోధం మాయమైతే, అణువులు ముద్దకట్టి ప్రోటీన్‌ను చుట్టేస్తున్నాయి. డీఎన్ఏకు అతుక్కునే అణువు అయితే సంబంధం లేని ఇంకో డీఎన్ఏ ఎంజైమ్‌ను కూడా అదే మోతాదులో ఆపుతుంది, ఒక రిస్ట్రిక్షన్ ఎంజైమ్‌తో సరిచూడండి.

జెల్ బదులు ఫ్యామ్, దాని వెలుగును అణచే క్వెంచర్ జతతో ప్లేట్ రీడర్‌లో చేసేవాళ్లు ఇంకో కంట్రోల్ పెట్టాలి: ముందే పూర్తిగా కోసిన సబ్‌స్ట్రేట్‌కు ఆ అణువును కలిపి వెలుగు తగ్గుతుందా చూడాలి. తగ్గితే అణువే వెలుగును మింగుతోంది. రంగున్న అణువులతో ఇది మామూలే. ప్లేట్‌లో దొరికిన ప్రతి మంచి అణువునూ చివరికి జెల్ మీద చూసుకోవాల్సిందే.

14. కొత్త లాట్ వచ్చినప్పుడు

పాత ట్యూబ్ పూర్తిగా అయిపోకముందే కొత్తది తెప్పించండి. ఒకే రోజు, ఒకే సబ్‌స్ట్రేట్ మీద, రెండు లాట్లనూ పక్కపక్కన మూడు మోతాదుల్లో నడపండి. కొత్త లాట్‌కు సరైన మోతాదు ఎంతో ట్యూబ్ మూత మీద రాయండి, దాని జెల్ బొమ్మను నోట్‌బుక్‌లో అతికించండి. ఈడీటీఏ లేన్, మామూలు జంట లేన్ ఈ జెల్‌లో కూడా ఉండాలి. లాట్ నంబరును థీసిస్‌లోనూ, పేపర్ మెథడ్స్ భాగంలోనూ ఇవ్వండి.

ట్యూబ్ మీద "పరిశోధనకు మాత్రమే" అని ఉంటుంది. రోగి శాంపిల్ మీద చేసిన ఫలితాన్ని రోగ నిర్ధారణగా ఎవరికీ రాసివ్వకూడదని దాని అర్థం. వాడిన ఫార్మమైడ్, అక్రిలమైడ్ సింక్‌లో పోయకండి, మీ సంస్థ రసాయన వ్యర్థాల డబ్బాలో వేసి, పేరు, తేదీ రాయండి.